ముట్టుకొన్న చేయి

గుండెజబ్బనియో, మూత్రపిండమనియో కాట్పాడి స్టేషనులో దిగి వెల్లూరు ఆసుపత్రికి వెళ్ళినవారు మన సంఘములలో ఎందరో కలరు. ఒకప్పుడు అదే ఆసుపత్రి వార్డులలో కుష్ఠురోగికి మంచము దొరకకుండెను.

1914లో కొల్లి కొండలలో మిషనెరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు 1946లో శస్త్రవైద్యులుగా వెల్లూరు వచ్చిరి. మరుసటి యేడు డాక్టర్ కాక్రేన్ గారు చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిని వారికి చూపించిరి. వ్రేళ్ళు ముడుచుకొనిపోయిన ఒక రోగిని తన చేయి గట్టిగా పట్టుకొమ్మని బ్రాండ్ గారు అడిగిరి. ఆ పట్టుకు వారికే నొప్పి పుట్టెను! చచ్చినదనుకొన్న చేతిలో కండరములు బ్రతికే యున్నవి. మరి ఆపరేషను ఎందుకు చేయరాదు?

అయితే కుష్ఠురోగిని చేర్చుకొంటే తక్కినవారు పారిపోవుదురని ఆసుపత్రివారికి జంకు. వారిని తప్పుపట్టుట సులభమే గాని, మన వాకిట నిలిచిన అట్టివానికి మనము మంచినీళ్ళు ఎంత ఎత్తునుండి పోసితిమో జ్ఞాపకము చేసికొందము. ఈ రోగపు సూక్ష్మజీవిని హాన్సెన్ గారు 1873లోనే కనుగొనిరి. చాలామందికి దానిని ఎదిరించు శక్తి సహజముగానే కలదు. తెలిసియు భయపడిరి.

1948లో వెల్లూరులో చేతుల ఆపరేషనులు ఆరంభమాయెను. వ్రేళ్ళు కుళ్ళి రాలిపోవుట లేదనియు, స్పర్శ లేనందున కాలిన గాయములును, కోతలును తెలియక నాశనమగుచున్నవనియు బ్రాండ్ గారు గ్రహించిరి. నిద్రలో ఎలుకలు కొరికినను వారికి తెలియదు! అందుచేత ఇంటికి వెళ్ళు రోగులకు ఒక్కొక్క పిల్లిని ఇచ్చి పంపిరి.

ఒకనాడు బ్రాండ్ గారు ఒక రోగి భుజముపై చేయివేసి చికిత్స సంగతి వివరించుచుండగా అతడు వెక్కివెక్కి ఏడ్చెను. తప్పు మాట ఏమైన అంటినా అని వారు సహాయకురాలిని అడిగిరి. అక్కడికి వచ్చువరకు ఎన్నో యేండ్లుగా ఎవరును అతనిని ముట్టలేదట.

బ్రాండ్ గారికి మాత్రము భయము లేదనుకొనవద్దు. ఒకసారి ఇంగ్లండులో రాత్రివేళ మేజోడు తీయగా మడమకు స్పర్శ తెలియలేదు. సూదితో గుచ్చుకొనిరి, నొప్పి లేదు. భార్యాబిడ్డలకు దూరముగా బ్రతుకవలెనేమో అని ఆ రాత్రి నిద్రలేక గడిపిరి. తెల్లవారి మరల గుచ్చుకొనగా బాధతో కేకవేసిరి! రైలులో కదలక కూర్చుండుటచే నరము మొద్దుబారినది, అంతే. ఆ నొప్పికై వారు దేవునికి స్తోత్రము చెల్లించిరి.

వారియొద్ద ఈ పని నేర్చుకొన్నవారిలో డాక్టర్ మేరీ వర్గీస్ గారు ఒకరు. 1954లో ప్రమాదమునకు లోనై ఆమెకు కాళ్ళు పడిపోయెను. చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆమె ఆ ముడుచుకొన్న చేతులను తన చేతులలోనికి తీసికొని ఆపరేషను చేసిరి.