హార్సుపవరు వైరము

1964 మోడలుగ పాంటియాక్ సంస్థ తన మధ్యతరహా కారులో 389 ఘనపుటంగుళముల ఇంజను నమర్చి జీటీఓ అను పేర విడుదల చేసినది మొదలు, 1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని నిషేధించి పెట్రోలు బంకులయొద్ద జనమును బారులు తీర్పించు వఱకు, అమెరికా దేశమున ఫోర్డు, షెవ్రొలే, డాడ్జి సంస్థల నడుమ సాగిన ఇంజనుల పోరును గూర్చి అక్కడివారు గ్రంథములకు గ్రంథములు వ్రాసికొనిరి. ఇంచుమించు ఆ కాలముననే ఉమ్మడి వరంగల్లు సీమలో ఊపందుకొని, ఆ పోరు ముగిసిన పిమ్మటను తరములపాటు సాగి, నేటికిని సమసిపోని మఱియొక ఇంజనుల పోరు కలదు. ఇందలి ఇంజనులు ఒక్క అడుగైనను ముందునకు నడచినవి కావు. జనగామ చెలకలలోను, మానుకోట చుట్టుపట్ల పొలములలోను, భూపాలపల్లి అడవి అంచులలోను అవి నిలిచినచోటనే నిలిచి, పక్క బావి ఇంజనుకన్న ఎక్కువ నీరు తోడుటయే గెలుపుగా నెంచి పోటీపడినవి. పరుగుపందెమున ఓడినవాడు మరునాడు మరల పందెమునకు రావచ్చును. ఈ పందెమున ఓడినవాని వరిమడి ఎండిపోవును.

ఇంజను రాకపూర్వము మోట యుండెను. బావిగట్టుపై గిలక, గిలకమీదుగ మోకు, మోకుకొసను తోలుబొక్కెన, దానికి తొండము, ఎదుట ఏటవాలుగ త్రవ్విన మోటదారి, ఆ దారిలో జతయెడ్లు. దిగునప్పుడు మనిషి మోకుపై కూర్చుండి తన బరువును ఎడ్లబలమునకు జతచేయుటయు, ఎక్కునప్పుడు ఎడ్లు వెనుకడుగులతోనే గట్టునకు చేరుటయు, ఒక చక్కని యంత్రశాస్త్రమే. ఒక జతయెడ్ల బలమును నేటి లెక్కకు మార్చినచో స్థూలముగ ఒక హార్సుపవరు కావచ్చును. బావి గొప్పతనమును ఆనాడు మోటల సంఖ్యతో కొలిచెడివారు. రెండుమోటల బావి కలవాడు సంసారి, నాలుగుమోటల బావి కలవాడు ఊరిలో పెద్ద. అనగా ఎవరి బలమెంత అను ప్రశ్న ఇంజనుతో పుట్టినది కాదు. మోటను తలచుకొని కరిగిపోవువారితో నాకు పొత్తు కుదరదు. విసునూరు దేశముఖు వంటివారి ఏలుబడిలో జనగామ తాలూకా పల్లెలు వెట్టికి మ్రగ్గిన దినములలో తెల్లవారుఝామునుండి మోటకొట్టిన చేతులు తమ పొలమునకే నీరు పెట్టుకొనలేదు. ఆ బండచాకిరి తొలగించినది ఏదైనను స్వాగతింపదగినదే.

తొలగించినది ఆయిలింజను. ఇంగ్లండున లిస్టరు సంస్థ 1930 ప్రాంతమున రూపొందించిన ఒంటి సిలిండరు డీజిలు ఇంజనును అనుకరించి రాజకోటలో తయారైన ఇంజనులును, పుణెలో 1946లో వెలసిన కిర్లోస్కరు ఆయిలింజనుల సంస్థ సరకును, తకావీ అప్పులతోను, భూమి తనఖా బ్యాంకుల ఋణములతోను పల్లెలకు చేరినవి. ఆ లిస్టరు మూర్తిని ఒక్కసారి తలపునకు తెచ్చుకొనుడు: ఇరుప్రక్కల రెండు మహాచక్రములు, నలుగురు మోయలేని బరువు, ఆ ఒక్క సిలిండరు పరిమాణమే సుమారు 1,430 సీసీలు. జీటీఓ కారులో ఎనిమిది సిలిండర్లలో ఒక్కొక్కటి 800 సీసీలకు మించదు. ఐనను ఇంతటి భారీకాయము నిమిషమునకు 600 చుట్లు తిరిగి యిచ్చునది 5 హార్సుపవరు మాత్రమే. 1985లో మనదేశమున తయారుకాజొచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారుసైకిలు, 98 సీసీల గొంతుతో, నిమిషమునకు 7,500 చుట్ల వేగమున, 11 హార్సుపవరు నిచ్చెను. పెద్ద ఇంజను బలమైనదనియు చిన్న ఇంజను బలహీనమనియు తలచువారు ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. బలము పరిమాణమునందును, వేగమునందును, దహనమునందును పంచబడియున్నది. కాని తొందరపడి లిస్టరును తీసివేయరాదు: ఆ మోటారుసైకిలును అదే వేగమున రాత్రింబవళ్లు బావిగట్టున నడపినచో వారము తిరుగకమునుపే పిస్టను పట్టివేయును, లిస్టరు మాత్రము చమురు పోసి నీరు చల్లార్చినంతకాలము తాతనుండి మనుమనివఱకు డుగుడుగుమనుచునే యుండును. దేని సామర్థ్యము దానికి విధించిన పనినిబట్టి తెలియును.

ఐతే ఆయిలింజనునకు ఒక చిక్కు వచ్చినది. పంపు పీల్చు నీరు, నిజమునకు పైనుండి గాలిబరువు నెట్టు నీరే. ఆ నెట్టుడు సిద్ధాంతరీత్యా 10 మీటర్లు, ఆచరణలో 7 మీటర్లకు మించదు. వెయ్యి హార్సుపవరుల ఇంజనైనను అంతకన్న లోతునుండి నీటిని పైకి పీల్చజాలదు. కావున బావిలో నీరు దిగినకొలది రైతు బావి గోడలో అరుగు తొలిపించి ఇంజనునే లోపలికి దించెను. మరుసటియేడు ఇంకొక అరుగు. పొగ పైకిరాలేని ఆ గోతిలో చక్రము త్రిప్పి ఇంజనును మొదలుపెట్టుటకు దిగినవానికి ఊపిరాడని ఘట్టములు తక్కువ కావు.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడి, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పులిచ్చుటకు ముందునకు రాగా, తీగలు క్రమముగ చెలకలకు ప్రాకినవి. కోయంబత్తూరు మోటర్లు దిగినవి. అసలు వైరము ఇప్పుడు రాజుకొన్నది. 1983లో అధికారమునకు వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వము వ్యవసాయ మోటర్లకు మీటరు లెక్కను విడిచి, హార్సుపవరునకు సాలుకు 50 రూపాయల చొప్పున కట్టిన చాలునని నిర్ణయించెను. ఎంత కరెంటు కాల్చితివి అను ప్రశ్న పోయి, నీ మోటరు ఎంత పెద్దది అను ప్రశ్నయే మిగిలెను. దాని ఫలితము ఊహింప శక్యమైనదే. మోటరుపై నుండు పలకకు 3 హెచ్‌పీ, లోపలి వైండింగునకు 5 హెచ్‌పీ; పలకకు 5, లోపల ఏడున్నర. అధికారికి చూపునది పలక, చెఱకునకును వరికిని పారునది వైండింగు.

ఇట్టి పలకవిద్య మనవారికే చెల్లినదని ఎవరైన నవ్వుదురేమో. డెట్రాయిటు నగరపు ఇంజనీర్లు దీనిని అంతకుముందే సాధించియుండిరి. అతిబలవంతమైన కార్లకు బీమా సంస్థలు అధికరుసుము వసూలు చేయుచున్న కారణమునను, పందెముల వర్గీకరణలో తక్కువ తరగతి దక్కునను ఆశతోను, అక్కడి సంస్థలు కొన్ని ఇంజనుల శక్తిని తగ్గించి ప్రకటించినవి. షెవ్రొలే సంస్థ 1967లో కమారో కారునకు జెడ్28 అను రూపమిచ్చెను. ట్రాన్స్-యామ్ పందెములలో ఇంజను 5 లీటర్లు మించరాదను నియమమునకు లోబడి కూర్చిన ఆ 302 ఘనపుటంగుళముల చిన్న ఇంజను కాగితముపై 290 హార్సుపవరు. తరువాత కొలిచి చూచినవారికి లభించినది దానికన్న చాల హెచ్చు. అధికవేగమున తిరుగు ఆ చిన్న ఇంజను వంపులుగల పందెపుబాటలో తనకన్న ఎంతో పెద్ద ఇంజనులుగల బరువైన కార్లను వెనుకవేయగలిగినది. 1970లో వచ్చిన 454 ఘనపుటంగుళముల షెవెల్ మాత్రము 450 హార్సుపవరు అని బోరవిరిచి చాటుకొన్నది. ఎదుట పన్ను వేయువాడున్న యెడల అంకె క్రుంగును, పోటీదారుడున్న యెడల ఉబ్బును. జనగామలోను అంతే: లైనుమను ఎదుట 3 హెచ్‌పీ అన్న రైతే, మోటరు దుకాణమునందు తోటివారి నడుమ ఏడున్నర అని గట్టిగ చెప్పెడివాడు.

తగ్గించి వ్రాసిన అంకెలకు మూల్యము చెల్లించినది ట్రాన్స్‌ఫార్మరు. కాగితములపై అరువది హార్సుపవరులు మోయుచున్న ట్రాన్స్‌ఫార్మరుపై నిజమునకు నూరు పడినప్పుడు వోల్టేజి క్రుంగెను. వోల్టేజి క్రుంగినకొలది మోటరు అధిక కరెంటు లాగి వేడెక్కెను. ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెను, లేదా పదిమంది మోటర్ల వైండింగులు కాలిపోయెను. చందాలు వేసికొని ట్రాక్టరుపై దానిని మరమ్మతునకు తరలించుట, అది తిరిగివచ్చులోపల మడి నెఱ్ఱెలు బారుట, ఈ మూడు జిల్లాలలో ఏ ఊరివారినడిగినను చెప్పగల వృత్తాంతము. పెద్ద మోటరు పెట్టినవాడు తన ఓటమిని తానే కొనితెచ్చుకొనెను. దురదృష్టమేమనగా చిన్న మోటరువాడును వానితోపాటే ఓడెను.

బావులెండగా బోర్లు వచ్చినవి. తమిళనాడునందలి తిరుచెంగోడునుండి బయలుదేరిన బోరులారీలు దేశమంతటను తిరిగినట్లే ఇక్కడికిని వచ్చినవి. సన్నని గొట్టమువలె నుండి నీటిలోనే మునిగి పనిచేయు సబ్‌మెర్సిబుల్ మోటరు, పీల్చుటకు బదులు క్రిందినుండి నెట్టును గనుక, 7 మీటర్ల గోడ కూలిపోయెను. ఇక లోతునకు హద్దెక్కడిది? దుకాణమున ‘ఎన్ని హెచ్‌పీ?’ అను ప్రశ్నవెంట ‘ఎన్ని స్టేజీలు?’ అను ప్రశ్న కూడ వచ్చి చేరెను. ఒకే 5 హెచ్‌పీ మోటరునకు స్టేజీలు హెచ్చించినచో ఎక్కువ ఎత్తునకు తక్కువ నీరు, తగ్గించినచో తక్కువ ఎత్తునకు ఎక్కువ నీరు వచ్చును. శక్తి ఒక్కటే, దానిని పంచు విధము వేరు. లెక్కవేసి చూడుడు: శక్తిలో సగము వ్యర్థమగుననుకొన్నను, 5 హెచ్‌పీ మోటరు 10 మీటర్ల లోతునుండి సెకనునకు 19 లీటర్ల నీరు తోడగలదు, 100 మీటర్లనుండియైనచో రెండు లీటర్లు కూడ రావు. పక్కవాడు ఏడున్నర పెట్టెనని తానును ఏడున్నర పెట్టినవాడు, ఇద్దరి బోర్లలోను నీరు మఱింత లోతునకు దిగుటవలన, మునుపు 5 హెచ్‌పీతో పారిన పొలమును పారించుటకే ఆ ఏడున్నరను ఖర్చుపెట్టెను.

జనగామ నేలక్రింద నున్నది కఠినమైన గ్రానైటు; నీరు దాని పగుళ్లలో తప్ప నిలువదు. ఆ పగులు ఇచ్చునది రెండించుల నీరైనప్పుడు, ఎంతటి మోటరు పెట్టినను మూడించులు రావు. కొంతసేపు పోసి, గుక్కలు మ్రింగి, గాలి పోసి ఆగును. ఉత్త మోటరు నడచిన కాలిపోవును. 2002లో నీరు, భూమి, చెట్లకు సంబంధించిన వాల్టా చట్టము బోరునకు అనుమతి అవసరమన్నది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తుపై తొలిసంతకము చేసెను. ఒక చేయి కళ్లెము పట్టుచుండగ మఱియొక చేయి అదలించెను. ఉచితమైనది కరెంటేగాని వేళ కాదు గనుక, అర్ధరాత్రి వచ్చు కరెంటుకొఱకు రైతులు ఆటోస్టార్టరులు బిగించిరి. కరెంటు వచ్చిన మరుక్షణమున ఊరిలోని మోటర్లన్నియు ఒక్కుమ్మడిగ లేచెడివి. 2018 జనవరి 1నుండి తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభించినప్పుడు, ఆ ఆటోస్టార్టరులను తొలగింపుడని రైతులను వేడుకొనవలసివచ్చినది.

ఇచట భూపాలపల్లి సంగతి వేరుగ చెప్పవలెను. అది సింగరేణి బొగ్గుసీమ. బొగ్గుగనిలో నీరు శత్రువు; దానిని రేయింబవళ్లు తోడి పారబోసిననే పని సాగును. హార్సుపవరు అను కొలత పుట్టుకయే ఇట్టి పరిసరములలోనిది: ఇంగ్లండున గనులలోని నీరు తోడు ఆవిరియంత్రములను మెరుగుపఱచి అమ్ముచున్న జేమ్సు వాట్, తన యంత్రము ఎన్ని గుఱ్ఱముల పెట్టు అని కొనువారికి చెప్పవలసివచ్చి, నిమిషమునకు 33,000 అడుగు-పౌండ్ల పనిని ఒక గుఱ్ఱము కింద జమకట్టెను. భూపాలపల్లికి చేరువనే చెల్పూరు గ్రామమున కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము 2010లో 500 మెగావాట్లతోను, 2016లో మఱి 600 మెగావాట్లతోను పనికి వచ్చినది. ఒక జిల్లాలో నీటిని తోడివేసి బొగ్గు తీయుట, ఆ బొగ్గును కాల్చి కరెంటు తీయుట, ఆ కరెంటుతో మఱియొక జిల్లాలో నీటిని వెదకి తోడుట!

ఇంజనే లేని జలవిద్యను గూర్చి ఒకమాట. మానుకోట జిల్లా బయ్యారమున కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన ధర్మకీర్తి సముద్రము, భూపాలపల్లి జిల్లా గణపురమున గణపసముద్రము, ఒక హార్సుపవరైనను లేక పల్లమునకు నీరిచ్చుటయేగాక, దిగువబావులకు ఊట నిలుపుచు వచ్చినవి. చెఱువు నిండిన యేట దానిక్రింది బావిలో చిన్న మోటరే పెద్ద మోటరు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెఱువుల పూడిక తీయుటకు పూనుకొన్నప్పుడు ఈ సంబంధము మరల అందఱి నోటను నానినది.

ఆ పిమ్మట మహాకాయముల వంతు. ఏటూరునాగారము ఎగువను గోదావరినుండి ఎత్తిన నీటిని మెట్టమెట్టుగ జనగామ చెలకలకు చేర్చు దేవాదుల పథకమును మించి, 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరము ఎత్తిపోతలలో, భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ బ్యారేజీకి అనుబంధముగ కన్నేపల్లియొద్ద ఒక్కొక్కటి 40 మెగావాట్ల మోటర్లు నిలిచినవి. అనగా ఒక్కదానికే 53,000లకు పైచిలుకు హార్సుపవరు, రమారమి పదివేల బోరుమోటర్ల పెట్టు. 2022 జూలై వరదలో ఆ పంపుహౌసు మునిగినది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో కొన్ని స్తంభములు క్రుంగినవి. నిపుణుల సలహామేరకు గేట్లెత్తి నీటిని నిలుపుట మానివేసిరి. తోడుటకు ఎదుట నీటిమట్టము నిలువని మోటరునకు 40 మెగావాట్లున్నను, నాలుగున్నను పని లేదు. ఆ తరువాతి వేసవి జనగామ మోటరు దుకాణములలో ఎక్కువగ అడిగినది మునుపటివలెనే 5 హెచ్‌పీ మోటరే యనియు, స్టేజీలు మాత్రము హెచ్చుగ నుండవలెనని అడిగిరనియు విన్నచో నాకు ఆశ్చర్యము కలుగదు.