హైదరాబాద్ స్క్వాడ్రన్‌లో ఒక షెఫీల్డు కుర్రాడు

మేముండే షెఫీల్డులో, దక్షిణపు అంచున టోట్లీ అనే పేట ఉంది. అక్కడొక పబ్బుకు ‘షెప్లీ స్పిట్‌ఫైర్’ అని పేరు పెట్టారు. ఆ షెప్లీ ఎవరో తుర్కయంజాల్‌లోని మనవాళ్లకు చెప్పాలి. ఎందుకంటే అతను స్పిట్‌ఫైర్ అనే యుద్ధ విమానం నడిపింది మన హైదరాబాద్ పేరున్న దళంలో.

డగ్లస్ క్లేటన్ షెప్లీది షెఫీల్డు పక్కనే, డెర్బీషైర్‌లోని హోమ్స్‌ఫీల్డు. 1940 వేసవికి అతనికి 22 ఏళ్లు, కొత్తగా పెళ్లయింది. ఆ జూన్‌లోనే ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. ఇంగ్లండు మీద దండెత్తాలంటే హిట్లర్ ముందు ఆకాశాన్ని గెలవాలి. జులై 10 నుంచి అక్టోబరు 31 దాకా సాగిన ఆ పోరునే ఇక్కడ బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అంటారు. బ్రిటన్ తరఫున ఎగిరినవాళ్లు సుమారు 3 వేల మంది. వాళ్లలో 500 మందికి పైగా తిరిగి రాలేదు.

షెప్లీ దళం 152 స్క్వాడ్రన్. మకాం డోర్సెట్‌లోని వామ్‌వెల్. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళానికి గుర్తుగా దానికి ‘హైదరాబాద్’ అని పేరు చేర్చారు. దళం చిహ్నం మీద నిజాం దస్తార్ ఉంటుంది, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి బ్రిటిష్‌వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదే అది.

ఇక్కడ ఆ విరాళాన్ని నిజాం కానుక అని చెప్పి ఊరుకుంటారు. నాకు ఆ మాట చాలదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా ఊళ్లు సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేవి, అక్కడి శిస్తు నేరుగా నిజాంకే చేరేది. మిగతా సంస్థానం శిస్తు సర్కారు ఖజానాకు పోయేది. విరాళం ఏ పెట్టెలోంచి తీసినా, ఆ పెట్టె నింపింది చెరువు కింద వరి, చెలకలో జొన్న పండించిన రైతే. ఆ రైతును కూడా ఈ చరిత్రలో లెక్కలోకి తీసుకోవాలి.

1940 ఆగస్టు 12న జర్మన్ బాంబర్లు పోర్ట్స్‌మత్ రేవు మీద, వైట్ దీవిలోని వెంట్నర్ రాడార్ కేంద్రం మీద పడ్డాయి. వాటిని అడ్డుకోవడానికి షెప్లీ నడుపుతూ వెళ్లిన స్పిట్‌ఫైర్ కె9999 దీవికి దక్షిణంగా సముద్రం మీద కనబడకుండా పోయింది. శవం కూడా దొరకలేదు.

షెప్లీ తల్లికి అది మూడో కడుపుకోత. కూతురు జీన్ 1939 అక్టోబరులో ‘యార్క్‌షైర్’ ఓడ మునిగి చనిపోయింది. మరో కొడుకు రెక్స్ 1940లో డన్‌కర్క్ దగ్గర విమానంలో నేలకొరిగాడు. ఇంత జరిగాక ఆ తల్లి, డగ్లస్ భార్య కలిసి ఒక స్పిట్‌ఫైర్ కోసం చందాలు వసూలు చేశారు. అప్పట్లో ఒక స్పిట్‌ఫైర్‌కు ప్రభుత్వం కట్టిన ధర 5,000 పౌండ్లు. అంతకు మించే పోగైంది. ‘షెప్లీ’ అని పేరు రాసిన డబ్ల్యూ3649 విమానం అలా వచ్చింది. దాన్ని నడిపిన ఐర్లండు వీరుడు విక్టర్ బీమిష్ కూడా 1942 మార్చి 28న ఇంగ్లిష్ చానల్ మీద అందులోనే పోయాడు.

పిల్లల్ని చూడటానికి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ నుంచి ఏటా ఎంతోమంది అమ్మానాన్నలు లండన్ వస్తుంటారు. హీత్రూ విమానాశ్రయానికి దగ్గర్లోనే రన్నీమీడ్ స్మారకం ఉంది. సమాధి దక్కని 20 వేల మందికి పైగా వైమానికుల పేర్లు అక్కడ ఏడాదివారీగా రాతి మీద చెక్కారు. ఒక్క పూట వీలు చేసుకుని వెళ్లండి. 1940 పేర్లలో షెప్లీ కోసం వెతకండి.