ఎంగిలి: ఒక వైరస్ కథ

ఈసారి నేను రాయడం నేర్చుకున్న మాట ‘ఎంగిలి’. చిన్నప్పుడు మా అమ్మమ్మ నోట రోజూ విన్న మాటే. నాది కాన్వెంటు చదువు కాబట్టి అరవై దాటాక రాయడం వచ్చింది. ఒకరు కొరికిన పండు, నోరు పెట్టి తాగిన గ్లాసు, ఇవన్నీ ఎంగిలి. ఇంగ్లీషులో దీనికి సరైన ఒక్క మాట నాకు దొరకలేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందో చెప్తాను. మా గుడి వంటింట్లో చాలా ఏళ్లుగా పులిహోర కలిపే అక్కయ్య ఒకరు ఉన్నారు. పోయిన ఏడాది ఆవిడకి కడుపులో కాన్సర్ అని తేలింది. రిపోర్టులో ‘ఈబీవీ పాజిటివ్’ అని ఉంది. అంటే ఎప్‌స్టీన్-బార్ వైరస్. అది ఎంగిలి వల్ల అంటుకుంటుందని ఎవరో ఫోన్‌లో చదివి అందరికీ చెప్పారు. ఆపరేషన్ అయి, కోలుకుని ఆవిడ తిరిగి వచ్చేసరికి సేవ పట్టికలో ఆవిడ పేరు వంటింట్లో లేదు. చెప్పుల స్టాండు దగ్గర ఉంది. ఆ పట్టిక రాసేది నేనే.

ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. ఆ వైరస్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1957లో ఉగాండాలో, కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉండేవారు. దవడలు వాచిపోయిన పిల్లలు ఆయన దగ్గరికి వచ్చేవారు. అది ఒక రకం కాన్సర్. వేడి, వానలు ఎక్కువ ఉన్న ప్రాంతాల్లోనే అది ఎక్కువగా కనిపించింది. 1961 మార్చిలో ఆయన లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో దీని గురించి మాట్లాడారు. విన్నవాళ్లలో ఆంథొనీ ఎప్‌స్టీన్ ఒకరు. కోళ్లలో కాన్సర్ తెచ్చే వైరస్‌ను అమెరికాలో పేటన్ రౌస్ 1911లోనే చూపించారు. ఎప్‌స్టీన్ ఆ వైరస్ మీద పని చేసిన మనిషి. అందుకే ఈ పిల్లల జబ్బు వెనక కూడా వైరస్ ఉందేమో అని ఆయనకి అనిపించింది.

కంపాలా నుంచి కణితి ముక్కలు విమానంలో లండన్ వచ్చేవి. రెండేళ్లు వెతికినా ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌లో దిగింది. ముక్క ఆలస్యంగా చేరింది. సీసాలో నీళ్లు మబ్బుగా ఉన్నాయి. పాడైపోయిందని పారేయవచ్చు. ఆయన పారేయలేదు, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. బతికి ఉన్న కాన్సర్ కణాలు విడివిడిగా తేలుతున్నాయి! వాటిని పెంచారు. 1964 ఫిబ్రవరిలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వైరస్ కనిపించింది. మార్చిలో లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది. దాని మీద మూడు పేర్లు ఉన్నాయి: ఎప్‌స్టీన్, ట్రినిడాడ్‌లో పుట్టిన బర్ట్ అచాంగ్, ఐర్లండ్‌లో పుట్టిన ఇవోన్ బార్. మనుషుల కాన్సర్‌తో సంబంధం ఉందని తెలిసిన మొదటి వైరస్ ఇదే.

మరి కడుపు సంగతి? కడుపు కాన్సర్‌కి పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ. అది బాక్టీరియా, వైరస్ కాదు. కానీ 1990లో ఒక అరుదైన రకం కడుపు కాన్సర్‌లో ఈబీవీ కనిపించింది. 1992లో అమెరికాలో షిబాటా, వైస్ అనే ఇద్దరు 138 మామూలు కడుపు కాన్సర్లను పరీక్షించారు. 22 కణితుల్లో ఈ వైరస్ ఉంది. 2014లో 295 కణితుల జన్యువులను చదివి, కడుపు కాన్సర్‌ను నాలుగు రకాలుగా విడదీశారు. అందులో ఒకటి ఈబీవీ రకం, సుమారు 9 శాతం. ఈ రకంలో దాదాపు ప్రతి కాన్సర్ కణంలోనూ వైరస్ ఉంటుంది.

ఇక అసలు విషయం. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఈ వైరస్‌ను ఒంట్లో మోస్తున్నారు. చాలామందికి చిన్నప్పుడే వస్తుంది. ఒకసారి వచ్చాక పోదు, తెల్ల రక్తకణాల్లో నిద్రపోతుంది. వాళ్లలో చాలా కొద్దిమందికే దీనివల్ల కాన్సర్ వస్తుంది. ఆ కాన్సర్ పక్కవాళ్లకి అంటుకోదు. అంటే అక్కయ్యని చూసి భయపడిన మాలో చాలామంది ఒంట్లో కూడా అదే వైరస్ ఉంది. పైగా పులిహోర చేత్తో కలుపుతారు, నోటితో కాదు!

మర్నాడే ఆవిడ ఇంటికి వెళ్లాను. పట్టిక రాసింది నేనే అని చెప్పి, తప్పయింది, క్షమించండి అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నువ్వు చదువుకున్నావు కాబట్టి నీకు తెలిసింది. మిగతావాళ్లకి ఎవరు చెప్తారమ్మా?” అన్నారు.

ఆ వారం ప్రసాదం పెట్టే ముందు ఇదంతా నా వచ్చీరాని తెలుగులో అందరికీ చెప్పాను. కొత్త పట్టిక రాశాను. శనివారం పులిహోర అక్కయ్యే కలిపారు. ఇద్దరు మాత్రం ప్రసాదం తీసుకోకుండా వెళ్లిపోయారు. నేను రెండోసారి పెట్టించుకుని తిన్నాను.