పొరుగు రాష్ట్రపు గుర్తింపు: నారాయణగూడ తెలుగు బాలికల పాఠశాల

నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది ఇంటిభాష తెలుగు. కచేరీలు, న్యాయస్థానాలు, ఉన్నత విద్య మాత్రం ఉర్దూలో నడిచేవి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగు వంటి శాస్త్రాలను సైతం దేశభాషలో బోధించవచ్చని నిరూపించింది. ఆ సాహసం గొప్పదే. అయితే తెలుగు ఇంటి నుంచి బడికి వచ్చిన ఆడపిల్లకు ఆ దేశభాషను కొత్తగా నేర్చుకోక తప్పేది కాదు. ఆ లోటును చందాలతో తీర్చడానికి పూనుకున్న బడి చరిత్రే ఈ వ్యాస విషయం. ఆ బడిని డబ్బు కంటే గుర్తింపే ఎక్కువగా పరీక్షించిందని నా వాదన.

దీనికి పూర్వరంగం 1921 నవంబరులో కనిపిస్తుంది. హైదరాబాదులోని వివేకవర్ధని పాఠశాల ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరిగింది. వివేకవర్ధని కూడా ప్రజల పూనికతో వెలసిన మరాఠీ బడే. సభాధ్యక్షుడు మహర్షి ధొండో కేశవ కర్వే. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమై ఆంధ్ర జనసంఘం స్థాపించారు. తమ భాష కోసం తామే బడి నిలబెట్టుకున్నవారి నడుమ ఇంకొక భాషకు ఆ అవమానం జరగడం బాధాకరం. కానీ ఆ పూటే తెలుగువారికి సొంత సంస్థల అవసరం స్పష్టమైంది.

1928లో మాడపాటి హనుమంతరావు చొరవతో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల ఏర్పడింది. తర్వాత అది నారాయణగూడలో ఉన్నత పాఠశాలగా స్థిరపడింది. మాడపాటి ఉర్దూ, పారశీ బాగా చదివినవాడు, ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసినవాడు. ఉర్దూపై ద్వేషంతో ఈ బడి పుట్టిందనడానికి ఆయన జీవితమే అడ్డు నిలుస్తుంది. ఖానగీ బడికి సర్కారు అనుమతి తప్పనిసరైన రోజులవి. చందాలిచ్చినవారు పిల్లల చదువుతో పాటు ఆ అనిశ్చితినీ భరించారు.

పై తరగతులకు వచ్చేసరికి అసలు చిక్కు ఎదురైంది. బోధన ఉర్దూలో లేదు కనుక ఉస్మానియా ఈ బడిని గుర్తించలేదు. గుర్తింపు లేకపోతే పై చదువుకు దారి లేదు. మాడపాటి అప్పుడు కర్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించారు. మాతృభాషలో బోధన, తప్పనిసరి పాఠ్యాంశంగా ఇంగ్లీషు దాని పద్ధతి. నారాయణగూడ బాలికలకు ఆ బొంబాయి రాష్ట్రపు సంస్థే అండ అయింది. 1921 సభకు అధ్యక్షత వహించిన వ్యక్తి స్థాపించిన విశ్వవిద్యాలయమే తెలుగు ఆడపిల్లల చదువుకు విలువ కట్టడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం.

దీన్ని ఉర్దూ, తెలుగుల తగవుగా చదవడం సరికాదు. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ తప్పుకున్నా, ఆ చోటికి వచ్చింది ఇంగ్లీషే. తెలుగులో ఉన్నత విద్యకు పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయడానికి తెలుగు అకాడమీ ఏర్పడింది 1968లో, నారాయణగూడ బడి పుట్టిన 40 ఏళ్లకు.