ఫాలౌట్ (టీవీ ధారావాహిక)

అణుయుద్ధంలో నాశనమైన అమెరికా నేపథ్యంగా సాగే ‘ఫాలౌట్’ వీడియో గేముల ఆధారంగా తీసిన ధారావాహిక. ఎనిమిది భాగాల తొలి సీజన్ 2024 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియోలో విడుదలైంది. రూపకర్తలు జెనీవా రాబర్ట్‌సన్-డ్వోరెట్, గ్రాహం వాగ్నర్. మొదటి మూడు భాగాలకు జోనథన్ నోలన్ దర్శకుడు.

మూలమైన ఆట 1997లో ఇంటర్‌ప్లే సంస్థ నుంచి వచ్చింది. తరువాత హక్కులు బెథెస్డా సంస్థ చేతికి వెళ్లాయి. ఈ ఆటల్లో ఎవరిని నమ్మాలో, ఎవరిని చంపాలో ఆడేవారే తేల్చుకుంటారు. తెర మీద ప్రేక్షకుడికి ఆ అధికారం ఉండదు. అనుసరణలో అసలు చిక్కు ఇదే. రచయితలు ఏ ఒక్క ఆట కథనూ తిరిగి చెప్పకుండా, అదే ప్రపంచంలో 2296లో జరిగే కొత్త కథ అల్లారు. ఆటగాడి చేతిలోని ఎంపికలను ముగ్గురికి పంచారు: భూగర్భ ఆశ్రయంలో పెరిగి మంచితనాన్ని వదలని లూసీ (ఎల్లా పర్నెల్), కవచధారి సైనికుడు కావాలనుకునే మాక్సిమస్ (ఆరన్ మోటెన్), 2077 అణుయుద్ధానికి ముందు సినిమా నటుడైన, ఇప్పుడు వికృతరూపంలో బతికే ఘూల్ (వాల్టన్ గాగిన్స్). ఒకే ఆపదకు ముగ్గురూ మూడు రకాలుగా స్పందిస్తారు. ఎంపికలను ఇలా పంచిన నిర్ణయమే ధారావాహికను నిలబెట్టింది. గాగిన్స్ నటన దాని ప్రాణం.

1950ల నాటి పాటలు, ప్రకటనల ఉల్లాసాన్ని శిథిలాల పక్కన పెట్టే ఆటల ధోరణినీ భద్రంగా నిలుపుకొన్నారు. ఎడారి దృశ్యాలు కొన్ని నమీబియాలో తీశారు.

విడుదల తరువాత పాత ఆటలకు మళ్లీ గిరాకీ పెరిగింది. కథ న్యూ వేగస్ నగరం వైపు సాగే రెండో సీజన్ 2025 డిసెంబరులో మొదలైంది.