అంతస్తుల చదరంగం

యుద్ధంలో శత్రువు ఆకాశంలోంచీ వస్తాడు, నీళ్ల అడుగునుంచీ వస్తాడు. మరి యుద్ధాన్ని పోలిన చదరంగం ఒకే పలక మీద ఎందుకుండాలి? హాంబర్గ్ వైద్యుడు ఫెర్డినాండ్ మాక్‌ వాదన ఇది. ఆయన 1907లో తెచ్చిన ఆటే రౌమ్‌షాహ్.

మొదట ఎనిమిది బల్లలు ఒకదానిపై ఒకటి పేర్చాడు. మొత్తం 512 గడులు. అంత చోటులో రాజును పట్టడం ఎంత కష్టమో చూడండి. మామూలు బల్ల నడుమ రాజుకు చుట్టూ ఉండేవి 8 గడులు. ఇక్కడ 26: ముఖాల వైపు 6, అంచుల వైపు 12, మూలల వైపు 8. అన్నీ మూసేస్తే తప్ప ఆట కట్టదు. మాక్ చిన్న బల్లలతో ప్రయోగాలు చేస్తూ చివరికి ఐదేసి గడుల వెడల్పు, పొడవు ఉన్న ఐదు అంతస్తుల దగ్గర ఆగాడు. అంటే 125 గడులు. ఎంతకు తగ్గిస్తే ఆట నిలుస్తుందో కనుక్కోవడమే ఆయన అసలు ఘనత అంటాను.

ముఖాల గుండా ఏనుగు, అంచుల గుండా శకటు పోతాయి. మూలల దారికి ఒక కొత్త పావు పుట్టింది: ఒంటికొమ్ము గుర్రం. అదెంత తిరిగినా 30 గడులే చేరగలదు. ఒక పక్షానికి అలాంటివి రెండుంటాయి, రెండూ కలిసినా 60 గడులే. మిగతా 65 గడుల్లో ఉన్న పావుకు వాటి భయం లేదు. ఆ సంగతి తెలిసిన ఆటగాడు రాజును ఎక్కడ దాచాలో ముందే చూసుకుంటాడు. 1919లో మాక్ హాంబర్గ్‌లో పెట్టిన క్లబ్బు రెండో ప్రపంచ యుద్ధం దాకా నడిచింది.

1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్లో కథ తిరగబడింది. అంతరిక్ష నౌకలో కర్క్, స్పాక్‌లు ఆడే అంతస్తుల బల్లను దుకాణాల్లో దొరికే ఆట సామాన్ల పలకలతో అమర్చారు. నియమాల్లేవు. ఒకే ఎపిసోడ్‌లో దృశ్యం మారితే బల్లల అమరికా మారిపోయేది. చూసినవాళ్లకు మాత్రం ఆ ఆట ఆడాలనిపించింది. 1975లో ఫ్రాంజ్ జోసెఫ్ తన 'స్టార్ ఫ్లీట్ టెక్నికల్ మాన్యువల్'లో పావుల అమరిక, కొద్దిపాటి నియమాలు ఇచ్చారు. ఆయన ప్రోత్సాహంతో ఆండ్రూ బార్ట్‌మెస్ పూర్తి నియమావళి రాశారు. 16 గడుల పెద్ద బల్లలు మూడు, 4 గడుల చిన్న బల్లలు నాలుగు, మొత్తం పాత 64 గడులే. చిన్న బల్ల ఖాళీగా ఉన్నా, దానిమీద ఒక్క బంటే ఉన్నా, బల్లనే ఒక ఎత్తుగా జరపొచ్చు. ఆ ఒక్క నియమంతో టీవీ బొమ్మ ఆటగా మారిందని నా అభిప్రాయం.

మాక్ ఆటకు స్టాండు కూడా అక్కర్లేదు. కాగితం మీద ఐదు బల్లలు పక్కపక్కన గీసి, పేర్లు పెట్టుకోండి. ఒక్కో పక్షానికి 20 పావులు, అందులో 10 బంట్లు. రెండు సెట్లు కలిపితే సరిపోతాయి. మిగిలిన ఏనుగులకు గుర్తు పెట్టి ఒంటికొమ్ము గుర్రాలుగా ఆడండి.