ఊరు విడిచిన వస్తాదు

1914 జూలైలో, నలువది యేండ్లు నిండి ఆరు నెలలు గడచిన ఒక ఆంగ్లేయుడు, బ్రిటానియా బెర్లిన్ అను క్లబ్బులోని కుర్రవాండ్రకు ఫుట్‌బాల్ నేర్పుటకై జర్మనీ రాజధానిలో అడుగిడెను. ఇంగ్లాండు లీగు పోటీలలో 352 గోలులు, స్వదేశము పక్షమున ఆడిన 23 మ్యాచ్‌లలో 28 గోలులు చేసిన స్టీవ్ బ్లూమర్ ఆతడు. వచ్చి మూడు వారములు తిరుగకమునుపే యుద్ధము పుట్టెను. పంచాంగము చూచి పయనమగు ఆచారము ఆ దేశమున లేదు గాని, ఉన్నచో ఆ ముహూర్తము పెట్టిన సిద్ధాంతి గడప బ్లూమర్ మరల త్రొక్కి యుండడు.

ఆతడు 1874 జనవరి 20వ తేదీన, మేకులకును గొలుసులకును పేరుపడిన క్రాడ్లీ గ్రామమున పుట్టెను. పసితనముననే తలిదండ్రులు డార్బీ పట్టణమునకు కాపురము మార్చగా, అచ్చట కమ్మరి పనిలో చేరి, 1892లో డార్బీ కౌంటీ జట్టులో ఆడ నారంభించెను. చూపునకు భారీ మనిషి కాడు. పాలిపోయిన మొగము, సన్నని ఒడలు. వచ్చిన బంతిని ఆపి, సవరించుకొని, గురి చూచుకొని తన్నుదమన్నచో ఈలోపల ప్రత్యర్థి మీద పడును గనుక, బ్లూమర్ ఆ మూడు పనులను ఒక్క పనిగా చేసెడివాడు. వాన నీరు త్రాగి గుండువలె బరువెక్కిన నాటి తోలుబంతిని ఆతడు గరిక కొనలు రాచుకొని పోవునట్లు నేలబారుగా కొట్టుచుండగా, పైకెగురుటకు సిద్ధమై నిలిచిన గోలుకీపరు వంగునంతలో అది వలలో నుండెడిది. 1896లో కార్డిఫ్ నగరమున వేల్సు జట్టు మీద ఒక్కనాడే అయిదు గోలులు చేసెను.

ఇంతటివానికి ముట్టిన దెంత? వారమునకు నాలుగు పౌనులకు మించి ఏ ఆటగానికిని జీతమియ్యరాదని 1901లో నియమము వచ్చెను. 1906 మార్చిలో మిడిల్స్‌బ్రో క్లబ్బువారు బ్లూమర్‌ను డార్బీవారి యొద్ద 750 పౌనులకు కొనిరి. ఆ సొమ్ము క్లబ్బు నుండి క్లబ్బునకు పోయినది. సంతలో చేయి మారిన ఎద్దునకు బేరములో వాటా యుండునా? 1910లో మరల డార్బీ చేరి, రెండవ డివిజనునకు జారిపోయిన ఆ జట్టును 1912లో పైకెక్కించుటలో పాలుపంచుకొని, నలువదవ యేడు నిండిన పిమ్మట ఆతడు ఆట చాలించెను.

ఆట చాలించిన పిదప స్వదేశమున ఆతనికి గురుస్థానము లేకపోవుటకు ఆ కాలపు ఇంగ్లీషు క్లబ్బుల నమ్మక మొకటి కారణము. వారి దృష్టిలో ట్రైనరు అనగా ఆటగాండ్రను మైదానము చుట్టు పరుగెత్తించి, పిక్కలు మర్దించువాడు మాత్రమే. బంతి యాట పుట్టుకతో రావలసినదే గాని నేర్పిన వచ్చునది కాదని వారెంత గట్టిగా తలచిరనగా, శనివారపు పందెమునాటికి బంతి మీద ఆకలి పుట్టవలెనని వారమంతయు దానిని ఆటగాండ్ర కాలికి అందకుండ దాచు క్లబ్బులు సైతము ఉండెడివి. కచేరి పెట్టుకొని, ఆనాటి వరకు విద్వాంసుని వీణ ముట్టనీయకుండుట యెట్టిదో ఇదియు నట్టిదే. అందుచేత వయసు మీరిన నేర్పరులు, మన తాలింఖానాల వస్తాదులు పిలుపు వచ్చిన ఊరికెల్ల పోయినట్లు, సముద్రము దాటి బుడాపెస్టునకు, జెనోవాకు, బెర్లిన్‌కు పోయిరి. ఇటలీలోను స్పెయిన్‌లోను ఆటగాండ్రు నేటికిని కోచ్‌ను ‘మిస్టర్’ అని పిలుచుట ఆనాటి ఆంగ్లేయ గురువుల జ్ఞాపకమే.

ఇక బెర్లిన్ సంగతి. 1914 నవంబరులో జర్మనీ ప్రభుత్వము తన దేశమునందున్న బ్రిటిషు పురుషులను పట్టించి, నగరపు పడమటి శివారునందలి రూలేబెన్ గుఱ్ఱపు పందెముల మైదానమున నిర్బంధించెను. నాలుగు వేలకు పైబడిన జనము. వసతి గుఱ్ఱపు సాలలలో. ఒక్క గుఱ్ఱమునకై కట్టిన అరలో ఆరుగురు మనుష్యులు పడుకొనవలసి వచ్చెను. పిదప న్యూట్రానును కనుగొని ప్రఖ్యాతుడైన జేమ్స్ చాడ్విక్ ఆ సాలలలోనే యుండి శాస్త్రప్రయోగములు చేసినాడు. బ్లూమర్‌తో పాటు ఫుట్‌బాల్ కోచ్‌లు కొందరు కూడ దొరకిపోయిరి: జర్మనీ ఒలింపిక్ జట్టును తయారు చేయ వచ్చిన ఫ్రెడ్ పెంట్‌లాండ్, డ్రెస్డెన్ క్లబ్బునకు నేర్పుచుండిన జాన్ కామెరాన్ మున్నగువారు. 1915 వసంతమున పందెపు బాట నడుమనున్న బయలు ఆటలకు విడువబడగా, వారు లీగు పెట్టుకొనిరి, కప్పు పోటీలు జరుపుకొనిరి. నలువది యొకటవ యేట బ్లూమర్ మరల ఆటలోనికి దిగెను. ఇంగ్లాండులో టిక్కెట్టు కొని చూడవలసిన ఆట, గుఱ్ఱపు సాలలో ఉచితముగా దొరకెనని తోడి ఖైదీలు సంతసించిరో లేదో గాని, వందలకొలదిగా వచ్చి చూచిరి. మూడేండ్లకు పైగా అట్లు గడచిన పిదప 1918 మార్చిలో ఆతనిని తటస్థమైన హాలండునకు పంపగా, అచ్చటను ఊరకుండక ఆమ్‌స్టర్‌డామ్‌లోని బ్లౌ-విట్ క్లబ్బునకు ఆట నేర్పెను.

యుద్ధము ముగిసిన పిదప స్వదేశమునకు మరలి, డార్బీ రెండవ జట్టునకు కొంతకాలము నేర్పి, కెనడా వెళ్లివచ్చి, 1923లో ఆతడు స్పెయిన్ దేశమున ఇరూన్ చేరెను. బిడసోవా నది దాటిన ఫ్రాన్సు. ఇరూన్ ఆ యెల్లమీది చిన్న ఊరు. దాని జట్టు రియాల్ యూనియన్ 1918లోనే దేశపు కప్పు గెలిచినది. 1920 ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సు పక్షమున ఆడిన రెనే పెతి వంటి ఘనుడు దానిలో నుండెను గనుక, అంతయు బ్లూమర్ చలవయే యనుట అతిశయోక్తి. అయినను 1924లో ఆ జట్టు బార్సిలోనాను దాటి, మే నెలలో సాన్ సెబాస్టియన్ నగరమున జరిగిన తుదిపోటీలో రియాల్ మాడ్రిడ్‌ను ఒక్క గోలుతో ఓడించి కప్పు పట్టుకొనెను. ఈ కథలో నన్ను ఆశ్చర్యపరచునది ఆ గెలుపు కాదు. అంతకు ముందటి యేడు, 1923లో, అదే కప్పును గెలిచినది బిల్బావో జట్టు. దానికి కోచ్ ఎవరు? రూలేబెన్‌లో బ్లూమర్ తోడి ఖైదీ పెంట్‌లాండ్! ఇంగ్లాండులో పనిలేక, జర్మనీలో గుఱ్ఱపు సాలలో పండుకొనిన ఇరువురు, బాస్కుల సీమలో నూరు మైళ్లయిన ఎడము లేని రెండూళ్ల నుండి వరుసగా రెండేండ్లు స్పెయిన్ దేశపు కప్పును ఎత్తించిరి.

1925లో బ్లూమర్ డార్బీకి తిరిగివచ్చెను. ఆరోగ్యము చెడగా ఆస్ట్రేలియా, న్యూజీలాండుల వరకు సముద్రయానము చేసి, ఇల్లు చేరిన మూడు వారములకు, 1938 ఏప్రిల్ 16వ తేదీన కన్నుమూసెను. అంతవరకు పాత క్లబ్బువారు ఆతనికి కల్పించినది బేస్‌బాల్ గ్రౌండ్ అను తమ మైదానమున పై పనులు చూచుకొను కొలువు. కమ్మరి పని నుండి బయలుదేరినవాడు తుదకు మరల ఇనుము చెంతకే చేరెను: ఆ మైదానమును కట్టించినవాడు ఇనుప పోతపని కార్ఖానా యజమాని. ఆ కార్ఖానా గోడ కావలనే యుండెను.